కలివికోడిని లోకానికి చూపిన వైద్యుడు

నందికొండల ప్రాంతంలో పుట్టిన పెన్నానది హిందూపురం సీమలో తెలుగునేలను తాకుతుంది. పరిగి చెంత జయమంగళి దానిలో కలుస్తుంది. పెనుకొండ గుట్టలకు పడమటగా సాగి, ధర్మవరం పక్కనుంచి పారే చిత్రావతిని కడపజిల్లాలో తనలో చేర్చుకొని, నెల్లూరు దాటి సముద్రంలో పడుతుంది. అనంతపురం సీమలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఎర్రనేల, రాతిగుట్ట, రేగు, తుమ్మ, కలివి పొదలు: బాటసారి కంటికి కనబడేవి ఇవే. పంట పండని భూమి గనుక దీనిని బీడు అన్నారు. బీడు అన్న మాటతోనే అందులో చూడదగినది ఏమీ లేదన్న అభిప్రాయం కూడ స్థిరపడిపోయినది.

ఇటువంటి పొదలలోనే పగలంతా అణగియుండి, చీకటిపడిన తరువాత బయటికి వచ్చి పరుగులు తీసే చిన్నపక్షి ఒకటి ఉన్నది. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. కాళ్లు సన్నగా పొడవుగా ఉంటవి, కళ్లు పెద్దవి, రొమ్మున రెండు పట్టెలు. కలివి పొదల నడుమ తిరిగేది గనుక దానికి కలివికోడి అని పేరు. తెలుగుదేశంలోను, దాని అంచులలోను తప్ప ప్రపంచంలో మరెక్కడా ఈ పక్షి కనబడినట్లు ఆధారం లేదు. దానిని మొదట శాస్త్రలోకానికి తెలిపినవాడు జంతుశాస్త్రంలో ఉద్యోగం చేసినవాడు కాడు. సిపాయిల జ్వరాలకు మందిచ్చిన సైనికవైద్యుడు. ఇంగ్లీషు గ్రంథాలలో ఆ పక్షి నేటికీ ఆయన పేరుతోనే వ్యవహరింపబడుతున్నది. ఆయనే థామస్ కావర్‌హిల్ జెర్డన్.

జెర్డన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండు ఉత్తరభాగాన డర్హం మండలంలో జన్మించినాడు. వంశం స్కాట్లండు సరిహద్దు ప్రాంతానిది. 1828లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో సాహిత్యవిద్యార్థిగా చేరినాడు. అక్కడ రాబర్ట్ జేమ్సన్ అనే ఆచార్యుడు ప్రకృతిశాస్త్రం బోధించేవాడు. ఆ ఉపన్యాసాలు విన్న తరువాత జెర్డన్ మనస్సు సాహిత్యంలో నిలవలేదు. మరుసటి సంవత్సరమే వైద్యతరగతులలో చేరినాడు.

పక్షుల మీద ప్రేమ ఉన్నవాడు వైద్యంలో ఎందుకు చేరవలెనని నేటి విద్యార్థికి తోచవచ్చును. ఆనాడు జంతుశాస్త్రాన్ని నమ్ముకొని కుటుంబాన్ని పోషించుకొనే ఉద్యోగాలు వేళ్లమీద లెక్కించదగినన్ని. ప్రాణుల శరీరనిర్మాణాన్ని, మొక్కల గుణాలను నేర్చుకోవడానికి వైద్యవిద్యయే దగ్గరిదారి. కొద్ది సంవత్సరాల ముందు ఇదే ఎడింబరోలో ఇదే జేమ్సన్ ఉపన్యాసాలు విన్న మరొక యువకుడు వైద్యవిద్యను మధ్యలోనే వదలిపెట్టినాడు. అతడు చార్లెస్ డార్విన్. అతని తండ్రి సంపన్నుడు. కొడుకు జీతానికి పనిచేయవలసిన అవసరం లేకపోయినది. జెర్డన్‌కు అటువంటి వీలు లేదు. కనుక ఆయన వృత్తిని వదలలేదు, ఇష్టాన్నీ వదలలేదు. ఈ రెండింటినీ ఇరవైయైదేళ్లు కలిపి మోసినాడు. ఆయన జీవితకథలో అసలు విశేషం ఇదే.

తూర్పు ఇండియా కంపెనీ కొలువులో సహాయవైద్యుడుగా నియామకం పొంది, 1836 ఫిబ్రవరిలో చెన్నపట్టణం చేరినాడు. మొదట పంపిన చోటు గంజాం ప్రాంతం. అక్కడి దళాలను జ్వరాలూ, రక్తవిరేచనాలూ పీడిస్తున్నవి. వైద్యునికి తీరిక దొరకని కాలమది. అయినా తూర్పుకనుమల పక్షులను గమనించి వ్రాసుకొనే అలవాటు అక్కడనే మొదలైనది. తరువాత అశ్వికదళంతో కలిసి దక్కను పీఠభూమిమీద తిరిగినాడు. దండు కదలినప్పుడెల్లా కొత్త నేల, కొత్త పిట్టలు. ఇతరులకు శ్రమగా తోచే ప్రయాణాలు ఆయనకు పాఠాలైనవి.

ఆ కాలంలో ఇండియాలో ఉండే ప్రకృతిపరిశోధకునికి పెద్ద కష్టం పుస్తకాలు లేకపోవడం. చేతికి దొరికిన పక్షి కొత్తదో, ఎవరో ముందే వర్ణించినదో తెలుసుకోవలెనంటే ఐరోపాలోని పండితులకు పంపి జవాబుకోసం నెలలతరబడి ఎదురుచూడవలెను. జెర్డన్ తాను సేకరించిన పక్షిచర్మాలలో కొన్నిటిని స్కాట్లండులోని సర్ విలియం జార్డిన్‌కు పంపినాడు. దూరప్రయాణంలో అవి పురుగుపట్టి పాడైపోయినవి. పరుల తీర్పుకోసం కాచుకొని కూర్చుంటే ఫలితం లేదని గ్రహించి, తన కంటినే నమ్ముకొని వ్రాయడానికి సిద్ధపడినాడు. దక్షిణాపథపు పక్షుల పట్టిక ఒకటి 1839, 1840 సంవత్సరాలలో చెన్నపట్టణపు సాహిత్య శాస్త్ర పత్రికలో వెలువడినది. 1843 నుంచి 1847 వరకు యాభై వర్ణచిత్రాలతో భారతీయ పక్షిచిత్రమాల భాగాలుగా వచ్చినది. ఆ బొమ్మలలో పెక్కింటిని వేసినవారు దేశీయ చిత్రకారులు. ఇంగ్లండులో అచ్చయ్యే ఉత్తమచిత్రాలకు ఇవి తీసిపోవని పక్షిశాస్త్రజ్ఞులు మెచ్చుకొన్నారు.

ఈ నడుమ జెర్డన్ నెల్లూరులో సివిల్ సర్జన్ అయినాడు. ఆయన కథకు తెలుగువారితో గాఢమైన సంబంధం ఇక్కడ ఏర్పడినది. ఆస్పత్రి పని ఒక చోట నిలకడగా ఉండనిస్తుంది. పెన్నాలోయ, తూర్పుకనుమల సానువులు దగ్గరలోనే ఉన్నవి. అన్నింటికంటె ముఖ్యంగా, ఆ అడవులను పుట్టినప్పటినుంచి ఎరిగిన యానాదులు ఉన్నారు. ఏ పొదలో ఏ పిట్ట గూడు కడుతుందో, ఏ వేళకు కూస్తుందో, దేనిని తిని బ్రతుకుతుందో వారికి తెలుసు. చదువురాని అడవిమనుషులకు ఏమి తెలుస్తుందని తోసివేసే దొరతనం జెర్డన్‌లో లేకపోయినది. అడిగినాడు, విన్నాడు, తన కంటితో సరిచూచుకొని వ్రాసుకొన్నాడు.

ప్రతి పక్షికీ లాటిన్ పేరుతోపాటు దేశభాషలలోని పేర్లను చేర్చడం ఆయన నియమం చేసుకొన్నాడు. తరువాతి కాలంలో వచ్చిన ఆయన మహాగ్రంథంలో హిందీ, తమిళం మొదలైన వాటితోపాటు తెలుగు పేర్లు వందలకొద్దీ కనబడుతవి. పాలపిట్ట, పిగిలిపిట్ట, బట్టమేక మొదలైన మాటలు ఇంగ్లీషు అక్షరాలలో కొంచెం వంకరపోయినా గుర్తుపట్టరానివి కావు. తెలుగు నిఘంటుకారులు ఒక పక్షివిశేషం అని వ్రాసి ముగించిన చోట, ఆ విశేషమేమో ఈ వైద్యుని గ్రంథం చూస్తే తేలుతుంది.

తూర్పుకనుమల రాతిగుట్టలలో గొంతు పసుపుపచ్చగా ఉండే పిగిలిపిట్ట జాతి ఒకటి ఉన్నది. 1845లో దానిని శాస్త్రరీత్యా వర్ణించి పేరుపెట్టినవాడు జెర్డన్. దక్షిణభారతంలోని బండరాతి కొండలు తప్ప దానికి మరొక నివాసం లేదు. నందికొండల నుంచి రాయలసీమ గుట్టల దాకా, పెనుకొండ చుట్టూ ఉన్నవంటి బండల సందులలో పెరిగే పొదలు దానికి కావలెను. ఊరిపిగిలిపిట్టవలె పెరట్లోకి రాదు. ఎవరికీ అక్కరలేని రాళ్లగుట్ట దానికి సర్వస్వం.

కలివికోడి సంగతి ఇంకా విశేషమైనది. వేటగాళ్లు దానిని అడవి ఉత్తతిత్తి అంటారని జెర్డన్ వ్రాసుకొన్నాడు. ఉత్తతిత్తి అనగా ఖాళీసంచి. ఆయన సేకరించిన పక్షి కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలకు చేరినది. అక్కడి అధికారి ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానిని కొత్తజాతిగా ప్రకటించినాడు. రెండు పట్టెలు గలదని దాని లాటిన్ పేరుకు అర్థం. ఆ తరువాత చాలాకాలం దానిని గురించి లోకానికి తెలిసినది జెర్డన్ వ్రాసిన కొద్ది మాటలే.

నెల్లూరు తరువాత మలబారు తీరంలోని తలచ్చేరికి బదిలీ అయినది. అక్కడ ఆయన దృష్టి పక్షులనుంచి చీమలదాకా ప్రాకినది. దక్షిణభారతంలోని చీమలను గురించి 1851లో ఒక పట్టిక ప్రకటించినాడు. అందులో ఎగిరి దూకే చీమ ఒకటి ఉన్నది. రాణిచీమ చనిపోయినప్పుడు పనిచీమలే గుడ్లుపెట్టగల స్థితికి మారే విచిత్రశక్తి దానికి ఉన్నదని ఇటీవలి శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. 2010లో జన్యుపటం మొత్తం చదువబడిన మొదటి రెండు చీమజాతులలో అది ఒకటి. నూటయాభై సంవత్సరాలకు పైగా గడచినా ఆ పరిశోధకులు వాడినది జెర్డన్ పెట్టిన పేరే. మంచినీటి చేపలను గురించి కూడ ఆయన 1848, 1849లలో వ్యాసాలు వ్రాసినాడు.

ఉద్యోగం ఆయనను ఉత్తరానికి త్రిప్పినది. మధ్యభారతంలోని సాగరు, ఆరోగ్యం చెడి సెలవుమీద వెళ్లిన దార్జిలింగు, పిమ్మట బర్మా: ప్రతి చోటా వ్రాతపుస్తకాలు నిండినవి. దార్జిలింగులో కోలుకొంటూనే హిమాలయపక్షులను పరిశీలించినాడు. ఈ విధంగా దేశం నలుమూలలూ చూచిన పరిశోధకులు ఆనాడు చాలా తక్కువ. కాని చూచినదంతా పుస్తకంగా కూర్చడానికి తీరిక ఏది? వయస్సు యాభైకి వచ్చినది. సైన్యవైద్యుని దినచర్యలో మహాగ్రంథం వ్రాయడం సాధ్యంకాని పని.

అప్పుడు ఒక అవకాశం వచ్చినది. 1861లో గవర్నరు జనరల్ కానింగ్ ప్రభువు దృష్టికి ఈ విషయం వెళ్లినది. ఇండియాలోని పక్షులు, జంతువులు, సరీసృపాలు, చేపలు అన్నిటిని గురించి చేతిలో పట్టుకొని తిరుగదగిన గ్రంథాలు ఉండవలెనన్నది జెర్డన్ సంకల్పం. గ్రంథాలయాన్ని వెంటమోసుకొని అడవిలో తిరగడం ఎవరికీ సాధ్యంకాదు గదా! ప్రభుత్వం ఆయనను వైద్యవిధులనుంచి తప్పించి, ఈ గ్రంథరచనకు ప్రత్యేకంగా నియమించినది. ఇరవైయైదేళ్లు తీరికవేళల పని అనిపించుకొన్నది నాటినుంచి ఆయన అసలు ఉద్యోగమైనది.

ఇది కేవలం అదృష్టం కాదు. అవకాశం వచ్చిన నాటికి ఆయన చేతిలో పని సిద్ధంగా ఉన్నది. 1862 నుంచి 1864 వరకు భారతదేశపు పక్షులు అనే గ్రంథం కలకత్తాలో సంపుటాలుగా వెలువడినది. 1,008 జాతుల వర్ణన అందులో ఉన్నది. 1867లో భారతదేశపు క్షీరదాలు అనే గ్రంథం వచ్చినది. సరీసృపాల పుస్తకం అచ్చుచిత్తులదాకా వచ్చి నిలిచిపోయినది.

పక్షిగ్రంథం దేశంలో క్రొత్త ఊపు తెచ్చినది. మారుమూల తాలూకాలో ఉన్న ఇంజనీరు, కలెక్టరు, అడవి అధికారి కూడ తన వాకిట వాలిన పక్షి ఏదో తానే తెలుసుకొనే వీలు కలిగినది. వారు వ్రాసిన ఉత్తరాలు, దిద్దుబాట్లు చేరి పక్షిశాస్త్రం త్వరితంగా పెరిగినది. 1885లో కాంగ్రెసు మహాసభ స్థాపనకు కారకుడైన అలన్ ఆక్టేవియన్ హ్యూం ఈ కృషిని అందుకొన్నవారిలో ముఖ్యుడు. డార్విన్ 1871లో మానవజాతి అవతరణను గురించి వ్రాసిన గ్రంథంలో పక్షుల విషయమై పలుచోట్ల జెర్డన్‌ను ప్రమాణంగా పేర్కొన్నాడు. ఒకే గురువువద్ద వినిన ఇద్దరి దారులు అలా పుటలలో కలిసినవి.

జెర్డన్ 1868లో పదవీవిరమణ చేసినాడు. అయినా వెంటనే స్వదేశానికి పోలేదు. ఇంకా చూడని అస్సాం ప్రాంతానికి వెళ్లి, అక్కడ తీవ్రమైన జ్వరానికి గురియైనాడు. ఆ దెబ్బనుంచి పూర్తిగా తేరుకోలేదు. 1870లో ఇంగ్లండు చేరి, 1872 జూన్ 12న లండను సమీపంలోని అప్పర్ నార్‌వుడ్‌లో మరణించినాడు. హ్యూం నడిపిన ప్రసిద్ధ పక్షిశాస్త్రపత్రిక మొదలైనది కూడ ఆ సంవత్సరమే.

జెర్డన్ జీవితంలో నేటివారికి నచ్చని అంశం ఒకటి ఉన్నది. ఆయన తుపాకితో పక్షిశాస్త్రం నేర్చిన తరానికి చెందినవాడు. పక్షిని కొట్టి, చర్మం ఒలిచి, సున్నితంగా ఆరబెట్టి, చీటి కట్టి పెట్టెలో దాచడం ఆనాటి పద్ధతి. పక్షులను గమనించడానికి తగిన దూరదర్శినులు, కెమెరాలు లేని కాలంలో వేరే మార్గం ఎక్కువగా లేకపోయినది. అయినా అది ప్రాణహింసయే. పక్షులను రక్షించవలెనన్న ఉద్యమం కూడ ఆయన కాలానికి ఇండియాలో లేదు. రక్షకుడన్న బిరుదు ఆయనకు తగిలించడం సత్యం కాదు. కాని రక్షణకు ముందు తెలియవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఈ నేలమీద ఏమేమి బ్రతుకుతున్నవో తెలియనిదే, ఏది పోయినదో తెలియదు. పోయినది తెలియనిదే దానిని వెదకేవాడు ఉండడు. ఆ మొదటి లెక్కను వ్రాసిపెట్టినవాడు జెర్డన్. ఆ వ్రాత విలువ ఏపాటిదో కలివికోడి కథయే ఋజువు చేసినది.

ఆయన మరణించే నాటికే ఆ పక్షి అరుదు. బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భశాస్త్రజ్ఞునికి 1867లో గోదావరి తీరాన సిరోంచా వద్ద, 1871లో భద్రాచలం ప్రాంతంలో కనబడినది. 1900లో హోవర్డ్ క్యాంబెల్ అనంతపురం సమీపాన పెన్నాలోయలో దానిని చూచినాడు. కోలారు బంగారుగనుల ప్రాంతంలో 1917లో సేకరించిన ఒక గుడ్డు స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో చాలాకాలం ఎవరి కంటా పడకుండా ఉండి, 2013లో బయటపడినది. అది కలివికోడి గుడ్డేనని జన్యుపరీక్షవల్ల తేలినది. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం సీమలు ఈ రెండు చోట్ల నడుమనే ఉన్నవి.

1900 తరువాత పక్షిని చూచినవారు లేరు. ప్రత్యేకంగా వెదకిన బృందాలు వట్టిచేతులతో తిరిగివచ్చినవి. అంతరించిన జాతుల పట్టికలో దానిని చేర్చవలసినదేనని చాలామంది భావించినారు. కాని జెర్డన్ వర్ణన ఉన్నది, బొమ్మలు ఉన్నవి, ఏ నేల, ఏ పొదలు అన్న గుర్తులు ఉన్నవి. వాటిని ఆధారం చేసుకొని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ 1980లలో ఊరూరా తిరిగి, బొమ్మ చూపి, పల్లెప్రజలను అడిగినాడు. నెల్లూరులో జెర్డన్ అనుసరించిన మార్గం కూడ ఇదే. రాత్రివేళ తిరిగే పక్షి అని స్థానికులు చెప్పినారు. పగటివెలుగులో వెదకినవారికి అది దొరకకపోవడంలో ఆశ్చర్యమేమున్నది? 1986 జనవరిలో కడపజిల్లా లంకమల సానువులలో, స్థానికుని చేతికి చిక్కి, ఎనభైయారు సంవత్సరాల తరువాత కలివికోడి లోకానికి మళ్లీ కనబడినది.

1988లో ఆ ప్రాంతం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమైనది. తెలుగుగంగ కాలువ త్రవ్వకంవల్ల దాని పొదలకు ముప్పు వచ్చినప్పుడు కాలువదారినే మార్చవలసి వచ్చినది. పక్షి ఆపద ఇంకా తీరలేదు. ప్రపంచంలో తీవ్రప్రమాదస్థితిలో ఉన్న పక్షులలో అది ఒకటి. పొదలు కొట్టివేసినా అది బ్రతకదు. పొదలు మరీ దట్టమై పోయినా బ్రతకదు. అక్కడక్కడ ఖాళీనేల, అక్కడక్కడ పొద, ఈ రెండూ ఉన్న బీడు దానికి కావలెను. బట్టమేక గతి ఇంకా శోచనీయం. ఒకప్పుడు రాయలసీమ మైదానాలలో తిరిగిన ఆ పెద్దపక్షి కొరకు అప్పటి కర్నూలుజిల్లా రోళ్లపాడులో అభయారణ్యం ఏర్పడినా, ఇటీవలి సంవత్సరాలలో అక్కడ కూడ దాని జాడ దాదాపు లేకుండాపోయినది.

పక్షి బ్రతకడానికి ఊరు కూడ తోడుపడగలదని చెప్పడానికి హిందూపురానికి సమీపాన ఉన్న వీరాపురం చాలును. అక్కడ చింతచెట్లమీద ఎర్రకాళ్ల కొంగలు ఏటా గూళ్లుకట్టి పిల్లలను లేపుతవి. వాటిని గ్రామస్థులు కొట్టరు, కొట్టనివ్వరు. అవి సైబీరియానుంచి వస్తవని జనం చెప్పుకొంటారు గాని, నిజానికి దక్షిణాసియా పక్షులే. జెర్డన్ గ్రంథంలో ఆ కొంగకూ స్థానమున్నది.

వైద్యుడు జంతుశాస్త్రజ్ఞుడైన ఈ కథను చదివే విద్యార్థి వృత్తిమార్పు ఒక్కరోజులో జరిగే సాహసమని అనుకోనక్కరలేదు. జెర్డన్‌కు అది ఇరవైయైదేళ్లు పట్టినది. ఆ ఇరవైయైదేళ్లలో ఆస్పత్రిలోని రోగిని గాని, పొదలోని పిట్టను గాని ఆయన విడిచిపెట్టలేదు. ఉపాధ్యాయులు పిల్లలను వెంటబెట్టుకొని ఊరిచివరి గుట్టదాకా వెళ్లి, కనబడిన పక్షులకు పెద్దలు వాడే పేర్లను అడిగి, తేదీవేసి వ్రాయించినట్లయితే, ఆయన నెల్లూరులో చేసిన పని మన బడులలో కొనసాగుతుంది. అటువంటి పుస్తకం ఒక్కటి బడిలో ఉన్ననాడు, పక్క బీడు బోసిపోయినప్పుడు అక్కడ ఉండవలసినది ఏదో చెప్పగలవారు ఆ ఊరిలో ఉంటారు.